కుళాయి పనికి వచ్చినవాడు

ఆ ఏడు వానలు మొదలైన వారంలో, బుధవారం పొద్దున పదిన్నరకి, మా అమ్మ మా అన్నయ్యకి కుళాయి బాగుచేసిన కూలి ఇచ్చింది. అన్నయ్య తీసుకున్నాడు. అడిగినదానికి యాభై తక్కువైతే, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటానన్నాడు.

అప్పుడు ఇంట్లో నలుగురం ఉన్నాం. అమ్మ, అన్నయ్య, నేను, యూనివర్సిటీ నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ. నాన్న ప్రెస్సులో ఉన్నాడు.

ఎండాకాలం చివర్లో నాకు యూనివర్సిటీలో లా సీటు వచ్చింది. మార్కుల మీద వచ్చిన సీటు కాబట్టి ఫీజు లేదు. కానీ యూనివర్సిటీ మా ఊరికి ఒక పూట బస్సు ప్రయాణం. హాస్టలు గదికి అద్దె కట్టాలి, మెస్సుకి కట్టాలి, పుస్తకాల దగ్గరనుంచి బట్టల సబ్బు దాకా కొనుక్కోవాలి. "సీటు ఊరికే ఇచ్చారు సరే, అందులో కూర్చునే మనిషి గాలి భోంచేస్తుందా?" అన్నాడు నాన్న.

దానికీ దారి ఉందని సీటు కాయితంతో పాటే రాసి పంపారు. ఆదాయం తక్కువున్న ఇళ్ళ పిల్లలకి యూనివర్సిటీ నెలనెలా భృతి ఇస్తుంది. హాస్టలుకీ తిండికీ సరిపోతుంది. ఒక్కటే షరతు. ఒకే కప్పు కింద ఉండేవాళ్ళందరి సంపాదనా కలిపి చూస్తారు.

మా కప్పు కింద నలుగురం. నాన్న ప్రెస్సులో పుస్తకాలు బైండు చేస్తాడు. అమ్మ చొక్కాల కార్ఖానాకి ఇంటి దగ్గరే కాజాలు కుట్టి పంపుతుంది. అన్నయ్య ఓ కాంట్రాక్టరు దగ్గర పైపుల పని. పేటలో వాణ్ణి పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పానా. స్కూలు మానేసి పానా పట్టినప్పటినుంచి అదే పేరు. కాంట్రాక్టరు జీతం బ్యాంకులో వేస్తాడు కాబట్టి దాచేందుకు వీల్లేదు. నన్ను స్కూలునుంచి కాలేజీకి తెచ్చిన జీతం అదే.

దరఖాస్తులు నింపిపెట్టే జిరాక్సు షాపాయన బస్టాండు పక్కన ఉండేవాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. అమ్మా నేనూ వెళ్ళి కూర్చున్నాం. ఇంట్లో ఎవరెవరు, ఎవరికెంత అని అడిగి, కాలిక్యులేటరు నొక్కి, దాన్ని అమ్మ వైపు తిప్పాడు. అమ్మకి అందులో ఏం చూడాలో తెలియలేదు.

"మీవాడు ఒకే కప్పు కింద ఉన్నంతకాలం మీరు ఉన్నవాళ్ళ కింద లెక్కమ్మా. రోడ్డు దాటి అవతల పడుకున్నాడనుకోండి, లేనివాళ్ళవుతారు."

"వాడెక్కడికి పోతాడండీ? పెళ్ళన్నా కాలేదు," అంది అమ్మ.

"పొమ్మనట్లేదు. కాయితం మీద ఎక్కడుంటాడని అడుగుతున్నా."

తర్వాత ఆయనే చెప్పాడు, కాయితం ఒక్కటే చాలదని. తనిఖీకి మనిషిని పంపుతారు. ఎప్పుడొచ్చేదీ చెప్పరు. వచ్చినవాళ్ళు మంచాలు చూస్తారు, దండెం మీద బట్టలు చూస్తారు, పక్కింటివాళ్ళని అడుగుతారు. "కాయితం మీద పోయినవాడు దండెం మీద కనబడకూడదు," అని, ఇంకో దరఖాస్తు వైపు తిరిగాడు.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ అమ్మ రెండుసార్లు మొదలుపెట్టి ఆపేసింది. నాన్న ఈసారి వానలు ముందే వచ్చేట్టున్నాయన్నాడు. చివరికి నేనే చెప్పాను. అన్నయ్య కంచంలోంచి తలెత్తకుండా విన్నాడు.

"పొమ్మనలేక పొగబెట్టడం అంటే విన్నాను. మీరు పొగ ఖర్చు కూడా పెట్టుకునేలా లేరు."

"రెండు నెలలేరా," అంది అమ్మ. "తనిఖీ అయిపోతే వచ్చేద్దువు గానీ."

"రెండు నెలలకి దుప్పటి కూడా మడత పెట్టక్కర్లేదు." అని నా వైపు తిరిగి, "ఏమంటారు జడ్జిగారూ? ఇన్నాళ్ళూ ఈ ఇంటికి ఆసరా అనుకున్నాను, అడ్డం అన్నమాట," అన్నాడు. సీటు వచ్చిన రోజునుంచి వాడు నన్ను జడ్జిగారనే పిలిచేవాడు.

నవ్వాడు. మేమూ నవ్వాం. ఇంకొంచెం కూర వేయించుకుని తిన్నాడు.

ఆదివారం వాడి సామాను కట్టాం. ఓ రేకు పెట్టె, పరుపుచుట్ట, పనిముట్ల సంచీ. వాడి మడతమంచాన్ని కింద వాటాలో ఉండే పిన్నికి ఇచ్చేశాం. అమ్మ ఇల్లంతా తిరిగి వాడివి ఇంకేమైనా ఉన్నాయేమో వెతికింది. బాత్రూములో పళ్ళబ్రష్షు, గుమ్మం పక్కన బూట్లు, కిటికీలో పైపుల మరకి చుట్టే తెల్లటేపు దొరికాయి. వాడి కంచం ఉంచాలా పంపాలా అని కాసేపు చేత్తో పట్టుకుని నిలబడింది. మూడు కంచాలే ఉండాలి కదా అన్నాడు అన్నయ్య. కంచం పెట్టెలో పెట్టింది.

వంటింట్లో మసిగుడ్డ ఉప్పు డబ్బా వెనక ఉండేది. బయట పెడితే అన్నయ్య దాంతో గ్రీజు చేతులు తుడుస్తాడని అమ్మ అక్కడ దాచడం మొదలుపెట్టింది. అన్నయ్య డబ్బా జరిపి, గుడ్డ తీసి, చేతులు తుడుచుకుని, మళ్ళీ అక్కడే దోపేవాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు.

"పోనీలే, ఇకనైనా నా మసిగుడ్డ గుడ్డలా ఉంటుంది," అంది అమ్మ, పెట్టె మూత వేస్తూ.

అన్నయ్య ఇనప సామాన్ల కొట్టు వెనక, టైల్సు పరిచే ఇద్దరితో కలిసి ఓ గదిలో చేరాడు. మొదట్లో ఆదివారాలు మధ్యాహ్నం భోజనానికి వచ్చేవాడు. కింద వాటా పిన్ని మెట్ల మీద ఆపి అడిగింది, కాపురం ఎక్కడ పెట్టావని. అమ్మ సైటు దూరమని సర్దింది. పిన్ని నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటివాళ్ళని అడుగుతారన్న మాట అమ్మకి గుర్తొచ్చింది. ఓ రోజు నీళ్ళ బిందె దించుకుంటూ పిన్నితో, కొడుకు మాట వినడం లేదని, వేరే వెళ్ళిపోయాడని చెప్పేసింది. అన్నయ్యకి ఆదివారాలు కూడా రావద్దని కబురు పంపింది.

అబద్ధం పేటలో బాగానే పనిచేసింది. పిన్ని కొట్టు దగ్గర అన్నయ్యని నిలేసి, తల్లిని ఏడిపించి ఏం బాగుపడతావురా అని నలుగురిలో చీవాట్లు పెట్టింది. అమ్మ పంపిన అన్నం క్యారియర్ తీసుకెళ్ళినప్పుడు వాడే చెప్పాడు నాకు. పిన్ని గొంతు, పిన్ని చెయ్యి తిప్పడం అన్నీ చేసి చూపించాడు. టైల్సు వాళ్ళిద్దరూ పడిపడి నవ్వారు.

"నువ్వేమన్నావు?"

"తప్పయింది పిన్నీ అన్నాను. ఇంకేమంటాను? నీ భృతి పోదూ?"

ఆ గదిలో ముగ్గురికి ఒకటే కిటికీ. సగం గోడకి టైల్సు అంటించి ఉన్నాయి, ఒక్కోటీ ఒక్కో రకం. సైట్లలో మిగిలినవట. గది అద్దెలో మూడో వంతు, తిండి, బస్సు అన్నీ పోతే అన్నయ్య చేతిలో మిగిలేది తక్కువ. అంతకుముందు నెల మొదట్లో అమ్మ చేతిలో పెట్టేది ఆగిపోయింది. ఆ లోటు పూడ్చడానికి అమ్మ కార్ఖానానుంచి ఇంకో మూట చొక్కాలు అడిగి తెచ్చుకుంది. భృతికి అర్హత రావాలని మేం మొదట చేసిన పని నిజంగానే లేనివాళ్ళం కావడం.

ఆ రోజుల్లోనే వంటింటి కుళాయి కారడం మొదలైంది. ఎంత బిగించినా చుక్క ఆగదు. అమ్మ కింద గిన్నె పెట్టింది. ప్రెస్సు పక్కన ఓ కుళాయిలతను ఉన్నాడు, రమ్మంటానన్నాడు నాన్న. అమ్మ ఒప్పుకోలేదు.

"ఇంట్లో పనివాణ్ణి పెట్టుకుని బయటివాడికి కూలి ఇస్తారా ఎవరైనా?"

"ఇంట్లో ఎక్కడున్నాడే?" అన్నాడు నాన్న.

అమ్మ గిన్నె నిండితే మొక్కకి పోసి మళ్ళీ పెట్టేది. తర్వాతి క్యారియర్‌తో నాచేత కబురు పంపింది, ఆదివారం చీకటి పడ్డాక వచ్చి ఓసారి చూసి వెళ్ళమని.

వాడు ఆదివారం దాకా ఆగలేదు. బుధవారం తెల్లారేసరికి పెద్ద వాన. సైటులో పని ఆపేశారు. ఊరికే గదిలో కూర్చోవడం ఎందుకని సంచీ భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. వాన తగ్గేలోపు చేసేసి పోతానన్నాడు. చెప్పులు గుమ్మం బయట విప్పి, నేరుగా వంటింట్లోకి వెళ్ళి, సింకు కింద నీళ్ళు కట్టేశాడు. అమ్మ వాడి తల తుడవబోతే, ముందు గిన్నె తియ్యమన్నాడు.

పది నిమిషాలు కాలేదు, తలుపు కొట్టారు. నేను తీశాను. చేతిలో గొడుగు, చంకలో ఫైలుతో ఒకావిడ. యూనివర్సిటీ సంక్షేమ విభాగం అని చెప్పింది.

మా ముందుగది ఓ మంచం, రెండు కుర్చీలు, అమ్మ కుట్టే చోటు. వంటింటికి తలుపు లేదు. ఆఫీసరమ్మ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా సింకూ, దాని కింద వెల్లకిలా పడుకున్న అన్నయ్య కాళ్ళూ కనిపిస్తాయి. గొడుగు ఎక్కడ పెట్టాలని అడిగింది. మంచినీళ్ళు తాగింది. ఫైలు తెరిచింది. పెన్నుతో వంటింటి వైపు చూపిస్తూ, ఆయనెవరని అడిగింది.

అమ్మ నా వైపు చూడలేదు.

"కుళాయి పనికి వచ్చాడు," అంది.

సింకు కింద పానా చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

ఆఫీసరమ్మ వరసగా అడుగుతూ పోయింది. నాన్న ఉద్యోగం, అమ్మ కుట్టుపని, ఇంటి అద్దె, నా మార్కులు. అమ్మ అన్నిటికీ సరిగానే చెప్పింది. అప్పుడు ఆవిడ పేజీ తిప్పి, మీకు ఓ అబ్బాయి ఉన్నాడు కదా, ఎక్కడుంటాడంది.

"వేరే ఉంటాడండీ."

"ఇంటికి ఏమైనా ఇస్తాడా?"

"ఏమీ ఇవ్వడు."

"వస్తూ పోతూ ఉంటాడా?"

"లేదండీ."

అంతటితో సరిపోయేది. జిరాక్సు షాపాయన చెప్పింది కూడా అంతే, అడిగినదానికి ముక్తసరిగా చెప్పి ఊరుకోమని. కానీ అమ్మకి అబద్ధం అలవాటు లేదు. ఒక్క మాటలో చెబితే నమ్మరేమోనని ఇంకోటి చేర్చింది. అది నిలబడాలని మరోటి.

"పెళ్ళికాని పిల్లాడు వేరే ఎందుకు ఉంటున్నాడు? గొడవలా?" అని అడిగింది ఆవిడ.

"వాడి సంపాదన వాడిదండీ. తల్లీ చెల్లీ అన్న ధ్యాస లేదు. చేతికొచ్చాక ఒక్క పూట కూడా మాకు తిండి పెట్టిన పాపాన పోలేదు. చెల్లెలు చదువుకుంటుందంటే కూడా వాడికి కడుపుమంటే. ఉన్నాడంటే ఉన్నాడు. లేడనే అనుకుంటున్నాం."

కార్ఖానా చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని, కాజా అంచు వేలితో తడుముతూ చెప్పింది ఇదంతా. పిన్నితో చెప్పిన మాటలే కొన్ని. కొన్ని కొత్తవి.

ఆఫీసరమ్మ రాసుకుంది.

అన్నయ్య సింకు కిందనుంచి బయటికొచ్చాడు. నీళ్ళు వదిలి కుళాయి తిప్పి చూశాడు, కట్టాడు. చుక్క పడలేదు. తడిచేత్తో అలమరలో ఉప్పు డబ్బా జరిపి, మసిగుడ్డ తీసి, చేతులు తుడుచుకుని, మళ్ళీ డబ్బా వెనకే దోపాడు. ఆఫీసరమ్మ తలెత్తి అటు చూసింది. మళ్ళీ ఫైలులోకి చూసుకుంది.

అన్నయ్య సంచీ సర్దుకుని గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

"అయిపోయిందండీ, అమ్మగారూ," అన్నాడు.

అమ్మ లేచి నిలబడింది. కూలి ఇవ్వకుండా ఏ పనివాణ్ణీ పంపరు. ఆ సంగతి అమ్మకీ తెలుసు, వాడికీ తెలుసు, కుర్చీలో కూర్చున్నావిడకీ తెలుసు.

"ఎంతయ్యింది?" అంది అమ్మ.

"వాషరుతో కలిపి రెండొందలు."

వాడు బయట తీసుకునేది అంతే. అమ్మ అలమరలోంచి డబ్బులుండే డబ్బా తెచ్చి, మాకు వీపు తిప్పి లెక్కపెట్టింది. నూట యాభై ఉన్నాయి. అదే చెప్పింది.

"ఫరవాలేదండీ. మిగతాది మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటాను."

నోట్లు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసరమ్మ అప్పుడు, తమ ఇంట్లో కూడా ఓ కుళాయి కారుతోందని, నంబరివ్వమని అడిగింది. వాడు చెప్పాడు. ఆవిడ ఫైలు మీద కాదు, తన ఫోన్లో ఎక్కించుకుంది. వాన ఇంకా తగ్గలేదు. అన్నయ్య వానలోనే వెళ్ళాడు.

ఆఫీసరమ్మ ఇంకో పావుగంట ఉండి, అమ్మ చేత సంతకం పెట్టించుకుని వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం అమ్మ రెండు చొక్కాలకి కాజాలు తప్పు వైపు కుట్టి, విప్పి, మళ్ళీ కుట్టింది. సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి చూస్తే కుళాయి కింద గిన్నె మళ్ళీ పెట్టి ఉంది. అందులో నీళ్ళు లేవు.

నాన్న వచ్చాక జరిగింది చెప్పాం. తనిఖీ సవ్యంగా అయినందుకు సంతోషించాడు. కూలి మాట విని, "నిజంగానే తీసుకున్నాడా వెధవ?" అని పెద్దగా నవ్వాడు. అమ్మ ముఖం చూసి ఆపేశాడు. కాసేపయ్యాక, "ఇంకా యాభై బాకీ పడ్డావన్నమాట," అన్నాడు. ఆ మాటకి ఎవరమూ నవ్వలేదు.

భృతి మంజూరైందని రెండు వారాలకి కబురొచ్చింది. అమ్మ ఆ పూట క్యారియర్ నిండా సర్దింది, పైన ఇంకో గిన్నె కూడా పెట్టింది. వాణ్ణి ఇక ఇంటికి వచ్చేయమని చెప్పమంది.

నేను వెళ్ళేసరికి అన్నయ్యకి ఆ సంగతి ముందే తెలుసు.

"ఆఫీసరమ్మ చెప్పింది. మొన్న వాళ్ళింటికి కుళాయి పనికి వెళ్ళాను. టీ ఇచ్చింది. అడిగినంతా ఇచ్చింది. వచ్చేస్తుంటే, మీ చెల్లెలికి మంజూరైంది, మీ అమ్మగారికి చెప్పండి అంది."

నేను నోరు తెరిచేలోపు వాడే అందుకున్నాడు.

"ఎవరమ్మగారండీ అన్నాను. బయటి పనివాడైతే మసిగుడ్డ ఎక్కడుందో అడుగుతాడు బాబూ అంది."

"మరి తెలిసీ రాసిందా?"

"చూసింది రాయడానికి ఆ కాయితంలో గడి లేదట. అడిగినదానికి ఏం చెబితే అదే రాస్తుందట. రోజూ ఇల్లిల్లూ తిరుగుతుంది కదా. ప్రతి ఇంట్లోనూ ఓ కుళాయివాడో, అద్దెకున్నవాడో, చుట్టపుచూపుగా వచ్చినవాడో ఉంటూనే ఉంటాడంది."

"ముందే తెలిస్తే అమ్మని అన్ని ప్రశ్నలు ఎందుకు వేసింది?"

"వెయ్యకపోతే గడులు ఖాళీగా ఉంటాయి."

క్యారియర్ విప్పి, టైల్సు వాళ్ళిద్దర్నీ పిలిచి, ముగ్గురూ తిన్నారు. అమ్మ చెప్పిన మాట చెప్పాను. ఇంటికి వచ్చేయమంటోందన్నాను.

"తనిఖీ ఒక్కసారితో పోదు, జడ్జిగారూ. ఏడాదికోసారి వస్తారు. మూడేళ్ళ చదువు. ఆవిడే చెప్పింది."

"వచ్చే ముందు మళ్ళీ వెళ్ళొచ్చు కదా?"

"ఎప్పుడొచ్చేదీ చెప్పరుగా." గిన్నె కడిగి బోర్లించాడు. "అలవాటు తప్పితే మంచిది. మసిగుడ్డ దగ్గర దొరికిపోయానా లేదా?"

నేను ఇంకో సంగతి చెప్పాల్సి వచ్చింది. భృతి మంజూరైంది కానీ మొదటి వాయిదా హాజరు చూసి, సగం ఏడాది గడిచాక వేస్తారు. హాస్టలు అడ్వాన్సు మాత్రం చేరేరోజే కట్టాలి. అది కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. నాన్న ప్రెస్సులో అడిగితే లేదన్నారు. అమ్మ కార్ఖానాలో అడిగితే కుట్టబోయే చొక్కాల మీద కొంత ఇస్తామన్నారు. అది సరిపోదు.

అన్నయ్య సొంతంగా పని పెట్టుకోవాలని ఓ డ్రిల్లు మిషనుకి దాచుకుంటున్నాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున బస్టాండు దగ్గర కలిసి ఓ కవరు ఇచ్చాడు. అడ్వాన్సుకి సరిపోయింది.

"అమ్మకి ఏం చెప్పను?" అన్నాను.

"నేనేమీ ఇవ్వలేదని చెప్పు. ఆఫీసరమ్మ ముందు మాట ఇచ్చింది కదా. ఇప్పుడు నేను ఇస్తే అమ్మ మాట పోతుంది."

నవ్వుతాడేమో అని చూశాను. సైటు బస్సు వచ్చింది, ఎక్కాడు.

అడ్వాన్సు ఎలా కట్టావని అమ్మ అడిగింది. భృతిలో పట్టుకుంటామన్నారని చెప్పాను. నాన్న నా వైపు చూసి, చేతికంటిన గోందు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

హాస్టల్లో చేరాను. గదికి నలుగురం. రెండో వారంలో మాటల్లో తెలిసింది, నాకు పక్క మంచం అమ్మాయికి నాయనమ్మ "ఊళ్ళో లేదు". ఎదురు మంచం అమ్మాయి వాళ్ళ నాన్న "వదిలేసి వెళ్ళిపోయాడు". ప్రతి శుక్రవారం ఆయనే వచ్చి పళ్ళు ఇచ్చి వెళ్ళేవాడు. ఆయన గేటు బయట నిలబడేవాడు.

నేను వెళ్ళాక అమ్మ ఓ రోజు తనే ఇనప సామాన్ల కొట్టు వెనక గదికి వెళ్ళిందట. అన్నయ్య లేడు. కాంట్రాక్టరు ఊరి అవతల కొత్త సైటు మొదలుపెట్టాడని, అక్కడే షెడ్డులో ఉంటున్నాడని టైల్సు వాళ్ళు చెప్పారు. వాళ్ళలో ఒకడికి అమ్మ ఎవరో తెలియదు. పానాకి మీరేమవుతారని అడిగాడు. అమ్మ ఏం చెప్పిందో నాన్నకి కూడా చెప్పలేదు. క్యారియర్ వాళ్ళకే ఇచ్చి వచ్చింది.

వానలు వెనకపట్టాక మాకు మొదటి సెలవులిచ్చారు. ఇంటికెళ్ళేసరికి కుళాయి మళ్ళీ కారుతోంది. మా నీళ్ళకి వాషరు ఎక్కువ రోజులు ఆగదు. గిన్నె పెట్టి ఉంది, సగం దాకా నిండింది. ప్రెస్సు పక్క కుళాయిలతని మాట నాన్న ఈసారి ఎత్తలేదు. అమ్మ నా ఫోన్లో అన్నయ్య నంబరు నొక్కమని, ఫోను తీసుకుని, తనే మాట్లాడింది. కుళాయి కారుతోందని మాత్రం చెప్పింది. వాడు ఆదివారం వస్తానన్నాడు.

ఆదివారం అమ్మ పొద్దున్నే వంట మొదలుపెట్టింది. పిన్నిని అడిగి మడతమంచం పైకి తెప్పించింది. కంచాలు నాలుగు కడిగి పెట్టింది. నాలుగోది ఎప్పుడు కొందో నాకు తెలియదు.

పదకొండుకి తలుపు కొట్టిన చప్పుడైంది. తలుపు తెరిచే ఉంది. అన్నయ్య గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడ్డాడు. నాన్న రమ్మన్నాక లోపలికొచ్చాడు. నన్ను చదువు ఎలా ఉందని అడిగాడు, జడ్జిగారూ అనలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కట్టి, సింకు కిందికి దూరాడు. అమ్మ గిన్నె తీసి పట్టుకుని, పని అయిందాకా అక్కడే నిలబడింది.

అన్నయ్య లేచి, కుళాయి తిప్పాడు, కట్టాడు. చుక్క పడలేదు. రెండు చేతులూ తడి. బట్టలకి తగలకుండా ముందుకి పట్టుకున్నాడు. ఉప్పు డబ్బా ఎదురుగానే ఉంది.

"మసిగుడ్డ ఎక్కడుంది?" అని అడిగాడు.

అమ్మ డబ్బా జరిపి, గుడ్డ తీసి ఇచ్చింది. వాడు తుడుచుకుని ఆమె చేతికే ఇచ్చాడు.

భోజనం చేసి వెళ్ళమన్నాడు నాన్న. ఇంకోచోట పని ఒప్పుకున్నానన్నాడు అన్నయ్య.

అమ్మ డబ్బుల డబ్బా తెచ్చింది. అందులోంచి రెండొందల యాభై తీసి ఇచ్చింది. అన్నయ్య తీసుకున్నాడు.